మైకు ముందు డిజ్జీ డీన్

లోకంలోని వృత్తులలో చాలవాటికి ముప్పది సంవత్సరాల వయస్సు ఆరంభదశ. న్యాయవాది దగ్గరకు కక్షిదారులు అప్పుడప్పుడే రావడం మొదలుపెడతారు. వైద్యుని హస్తవాసిని గురించి ఊరిలో నలుగురూ అప్పుడే చెప్పుకొంటారు. సంగీత విద్వాంసుని గొంతు పక్వానికి రావలెనంటే ఇంకను పదేళ్ల సాధన కావలె. ఒక్క ఆటగాని సంగతి మాత్రం వేరు. ముప్పది దాటేసరికి అతడు తన వృత్తిలో వృద్ధుడు. మోకాలో, భుజమో, మడమో ఏదో ఒకటి ఎదురు తిరుగుతుంది. నిన్నటివరకు పేరు పెట్టి పిలిచి కేకలు వేసిన జనం మరొక పేరు నేర్చుకొంటారు. అప్పటికింకా సగానికి పైగా జీవితం మిగిలి ఉన్నది. ఆ మిగిలిన జీవితాన్ని అతడేమి చేసుకోవలె?

అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లు కొందరికి ఈ ప్రశ్నకు రేడియో సమాధానమైనది. అట్లా మైదానం విడిచి మైకు ముందుకు వచ్చినవారిలో డిజ్జీ డీన్ కథ అన్నిటికంటె విచిత్రమైనది. అతని ఆట గొప్పదే. కాని మేము ఈ ప్రసంగానికి అతనిని ఎన్నుకొన్నది ఆట కొరకు కాదు. అతడు మైకు ముందు కూర్చున్న తరువాత దేశమంతటా ఒక వివాదం చెలరేగినది. పదిమంది వినేచోట మాట్లాడే అర్హత ఎవరిది, భాష తెలిసినవానిదా, విషయం తెలిసినవానిదా అన్నదే ఆ వివాదం. ప్రసారవృత్తిలో ఉన్న మాకు అది నిత్యమూ ఎదురయ్యే ప్రశ్న.

ముందు బేస్‌బాల్‌ను గురించి రెండు మాటలు. అది మన క్రికెట్టుకు దాయాది వంటి ఆట. జట్టుకు తొమ్మిది మంది. తొమ్మిది ఇన్నింగ్సులు. బంతి విసిరేవానిని పిచర్ అంటారు. అతడు మన బౌలరువలె పరుగెత్తి రాడు. మిట్టమీద నిలిచి, నేలకు తగలకుండా బంతిని నేరుగా విసురుతాడు. దానిని కొట్టేవాడు గుండ్రని దుడ్డుకర్ర వంటి బ్యాటు పట్టుకొని నిలుచుంటాడు. బంతి తగిలితే నాలుగు మూలలలో ఉన్న నాలుగు బేసులను వరుసగా చుట్టి రావలె. తిరిగి మొదటికి చేరితే ఒక పరుగు. బంతి కంటె ముందుగా బేసు అందుకొనవలెనని పరుగెత్తేవాడు నేలమీద పడి జారుతూ పోతాడు. ఈ జారడాన్ని జ్ఞాపకం ఉంచుకొనవలె. మన కథలో దీనికి పని ఉన్నది.

ఆ రోజులలో ఒక్కొక్క జట్టు సంవత్సరానికి 154 ఆటలు ఆడేది. అంటే ఇంచుమించు ప్రతిదినమూ ఆటే. పిచర్ భుజం మీద పడే శ్రమ అంతింత కాదు గనుక ఒక్కొక్కనికి నడుమ మూడు నాలుగు దినాల విశ్రాంతి ఇచ్చి వంతులవారీగా దింపుతారు. అందుచేత ఒక పిచర్ ఒక్క సంవత్సరంలో ఇరవై ఆటలు గెలిపించినాడంటే మహాఘనత. ముప్పది గెలిపించడం అపురూపం.

డిజ్జీ డీన్ ఆ అపురూపాన్ని సాధించినవాడు. అతని అసలు పేరు జే హానా డీన్. 1910 జనవరి 16న ఆర్కాన్సా రాష్ట్రంలో లూకస్ అనే పల్లెలో పుట్టినాడు. తండ్రి పరాయి పొలాలలో పాలుకు వ్యవసాయం చేసేవాడు. తల్లి చిన్ననాడే పోయినది. బిడ్డలు పత్తిచేలలో కూలికి పోయి, ఏరిన పత్తి బరువును బట్టి డబ్బు తెచ్చుకొనేవారు. తాను రెండవ తరగతి దాటి చదువుకోలేదని డీన్ తానే చెప్పుకొనేవాడు. పదహారేండ్లు నిండీ నిండకముందే సైన్యంలో చేరినాడు. 'డిజ్జీ' అన్న పేరు అక్కడ పడినదే. తలతిరుగుడు మనిషి, తిక్కవాడు అని దాని భావం. ఆ పేరును అతడు అవమానంగా తీసుకోలేదు. బిరుదుగా ధరించినాడు.

తిక్కవాడన్న మాటలో నిజం లేకపోలేదు. ముగ్గురు విలేఖరులు వచ్చి అడిగితే ముగ్గురికి మూడు జన్మదినాలు, మూడు జన్మస్థలాలు చెప్పేవాడట. పాపం, ఒక్కొక్కరికి ఒక్కొక్క కొత్త వార్త దొరకవద్దా అని అతని సమర్థన. ఇది అబద్ధమనవచ్చు. కాని ఎదుటివానికి ఏమి కావలెనో ఎరిగి, దానిని అప్పటికప్పుడు అల్లి ఇచ్చే నేర్పు కూడా ఇందులో ఉన్నది. రేడియోకు పనికివచ్చే గుణమే అది.

1930లో సెయింట్ లూయిస్ నగరపు కార్డినల్స్ జట్టులో అతడు మొదటిసారి పెద్ద ఆటలో దిగినాడు. 1932 నుండి స్థిరపడినాడు. 1934వ సంవత్సరం అతనిది. ఆ ఏడు తమ్ముడు పాల్ డీన్ కూడా అదే జట్టులో పిచర్‌గా చేరినాడు. తామిద్దరమూ కలిసి 45 ఆటలు గెలిపిస్తామని డిజ్జీ ముందే చాటినాడు. జనం నవ్వినారు. సంవత్సరాంతానికి అన్న గెలిపించినవి 30, తమ్ముడు గెలిపించినవి 19, మొత్తం 49. ఆ నేషనల్ లీగులో డిజ్జీ తరువాత నేటివరకు మరి ఏ పిచరూ ఒక్క ఏట ముప్పది ఆటలు గెలిపించలేదు. అదే సంవత్సరం సెప్టెంబరు 21న బ్రూక్లిన్ జట్టుతో ఒకే దినం రెండు ఆటలు జరిగినవి. మొదటి ఆటలో డిజ్జీ ప్రత్యర్థులకు మూడు దెబ్బలు మాత్రమే దక్కనిచ్చినాడు. రెండవ ఆటలో పాల్ ఒక్క దెబ్బ కూడా దక్కనివ్వలేదు. తమ్ముడు ఆ పని చేయబోతున్నాడని ముందే తెలిసి ఉంటే తానూ అదే చేసి ఉండేవాడినని డిజ్జీ వాపోయినాడని చెబుతారు.

ఆ సంవత్సరపు వరల్డ్ సీరీస్ పోటీలలో డెట్రాయిట్ జట్టుమీద కార్డినల్స్ నాలుగు ఆటలు గెలిచినారు. ఆ నాలుగింటిలో రెండు అన్నవి, రెండు తమ్మునివి. నడుమ నాలుగవ ఆటలో డిజ్జీ వేరొకనికి బదులుగా బేసుల మధ్య పరుగెత్తుతుండగా విసిరిన బంతి వచ్చి నుదుటికి తగిలి స్పృహ తప్పినాడు. మరునాడే మళ్లీ బంతి పట్టినాడు. ఆ ఆట ఓడిపోయినా, ఆఖరుదైన ఏడవ ఆటలో ఎదుటి జట్టుకు ఒక్క పరుగైనా ఇవ్వక 11 పరుగుల తేడాతో గెలిపించినాడు. అప్పుడతనికి ఇరవైనాలుగేళ్లు. ఆర్థికమాంద్యంతో అమెరికా ఆకలిగొని ఉన్న దినాలవి. పత్తిచేలలో నుండి వచ్చి నగరాల పెద్దలను లెక్కచేయక నవ్వుతూ గెలిచే ఈ పల్లెటూరివాడు పేదవారి కంటికి తమవాడుగా కనిపించినాడు.

ఈ వైభవమంతా ఒక కాలి బొటనవ్రేలిమీద ఆధారపడి ఉన్నదని ఎవరనుకొంటారు? 1937 జూలై 7న వాషింగ్టన్ నగరంలో రెండు లీగుల మేటి ఆటగాళ్ల పోటీ జరిగినది. క్లీవ్లాండ్ ఆటగాడు ఎర్ల్ ఎవరిల్ కొట్టిన బంతి నేరుగా వచ్చి డీన్ ఎడమకాలి బొటనవ్రేలికి తగిలినది. వ్రేలు విరిగినది. పూర్తిగా మానకముందే అతడు తిరిగి ఆటకు దిగినాడు. నొప్పి పెట్టే కాలిమీద బరువు వేయకుండా విసరడంతో శరీరపు తీరు మారినది. మారిన తీరువలన భారమంతా భుజంమీద పడినది. భుజం చెడినది. గాయమైనది కాలికి, పోయినది చేయి.

మరుసటి సంవత్సరం కార్డినల్స్ అతనిని చికాగో కబ్స్ జట్టుకు అమ్మివేసినారు. ముగ్గురు ఆటగాళ్లు, ఆపైన 1,85,000 డాలర్లు అతని వెల. పూర్వపు వేగం ఇక లేదు. అయినా 1938లో అతడు ఏడు ఆటలు గెలిచి ఒక్కటి మాత్రమే ఓడినాడు. మెల్లని బంతులతో, కొట్టేవాని మనస్సులో ఉన్నది ముందే పసికట్టి ఆ విజయాలు సాధించినాడు. ఆ ఏటి వరల్డ్ సీరీస్‌లో బలవంతులైన న్యూయార్క్ యాంకీలను ఎనిమిదవ ఇన్నింగ్సు వరకు ఆ మెల్లని బంతులతోనే నిలువరించి, చివరకు ఓడినాడు. బలం ఉన్నప్పుడు ఆడిన ఆట కంటె బలం పోయినాక ఆడిన ఈ ఆటయే అతనికి ఎక్కువ నేర్పినదని మేము భావిస్తున్నాము. బాహుబలం ఉన్నవానికి ఆలోచన అంతగా అక్కరలేదు. అది తగ్గినకొద్దీ ఆటలోని కీలకాలు ఒక్కొక్కటే కంటికి కనిపిస్తవి. ఆ కీలకాలే తరువాత అతని మాటలకు సరుకైనవి.

1941లో అతడు ఆట మానినాడు. వయస్సు ముప్పదియొకటి. అదే ఏడు సెయింట్ లూయిస్‌లో ఫాల్‌స్టాఫ్ అనే బీరు కంపెనీ తరఫున రేడియో వ్యాఖ్యాతగా కుదిరినాడు. ఆ నగరంలో అప్పుడు కార్డినల్స్, బ్రౌన్స్ అని రెండు జట్లుండేవి. ఆ రెండు జట్లూ సొంతగడ్డమీద ఆడే ఆటలను వర్ణించడం అతని పని.

ఆటగాడు మైకు ముందుకు రావడం అప్పటికి పూర్తిగా కొత్త కాదు గాని, వాడుక కూడా కాదు. బేస్‌బాల్ ఆట రేడియోలో మొదటిసారి వినిపించినది 1921 ఆగస్టు 5న. పిట్స్‌బర్గ్‌లోని కె.డి.కె.ఎ. కేంద్రంనుండి హెరల్డ్ ఆర్లిన్ అనే అనౌన్సరు దానిని వర్ణించినాడు. అనౌన్సర్లను ఎన్నుకొనేటప్పుడు కంఠం, ఉచ్చారణ, చదువు ముందు చూసేవారు. జట్ల యజమానులకైతే రేడియో అంటేనే భయం. ఇంట కూర్చుండి వినగలిగితే టిక్కెట్టు కొని మైదానానికి వచ్చేదెవరని వారి శంక. న్యూయార్క్‌లోని మూడు జట్లు ఒప్పందం చేసుకొని 1938 వరకు అయిదేళ్లపాటు తమ మైదానాలలోనికి రేడియోను రానివ్వలేదు. 1932లో క్లీవ్లాండ్ నగరంలో జాక్ గ్రేనీ అనే మాజీ ఆటగాడు వ్యాఖ్యాత అయినాడు. పెద్ద లీగులలో ఆడి, ఆ తరువాత వ్యాఖ్యానాన్ని వృత్తిగా చేపట్టినవారిలో అతడే మొదటివాడు. 1953 వరకు ఆ పని చేసినాడు. వ్యాఖ్యాతలకు ఇచ్చే ఫోర్డ్ ఫ్రిక్ పురస్కారం 2022లో, అతడు గతించిన ఎన్నో ఏళ్లకు, అతనికి లభించినది. గ్రేనీ చక్కగా, మర్యాదగా మాట్లాడేవాడు గనుక అతనివలన ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

డీన్ సంగతి అది కాదు. అతడు పత్తిచేల భాషనే మైకు ముందుకు తెచ్చినాడు. ఇంగ్లీషులో జారడాన్ని 'స్లైడ్' అంటారు. జారినాడు అనవలెనంటే 'స్లిడ్' అనవలె. డీన్ 'స్లడ్' అన్నాడు. విసిరినాడు అనుటకు 'త్రూ' అనవలసినచోట 'త్రోడ్' అన్నాడు. బ్యాటు ఊపినాడు అనుటకు 'స్వంగ్' బదులు 'స్వాంగ్' అన్నాడు. లేదు, కాదు అనవలసినచోటులన్నిటా 'ఎయింట్' అన్నాడు. పరుగెత్తేవారు తమతమ బేసులకు తిరిగి వెళ్లినారని చెప్పడానికి 'రెస్పెక్టివ్' అనే మాట ఒకటి ఉన్నది. డీన్ నోట అది 'రెస్పెక్టబుల్' అయినది. అంటే ఆటగాళ్లు తమ గౌరవనీయమైన బేసులకు వెళ్లినారన్నమాట! ఇది తెలియక చేసినదో తెలిసి చేసినదో ఎవరూ తేల్చలేకపోయినారు.

శ్రోతలు విరగబడి విన్నారు. ఎందుకు విన్నారో తెలియవలెనంటే రేడియో వ్యాఖ్యానపు మర్మం కొంత తెలియవలె. మైదానంలో కూర్చున్నవానికి కన్నులున్నవి. రేడియో ముందు కూర్చున్నవానికి వ్యాఖ్యాతయే కన్ను. వ్యాఖ్యాత మూడు సంగతులు చెప్పవలె. ఏమి జరిగినది? లెక్క ఎంతవరకు వచ్చినది? ఎందుకట్లా జరిగినది? మొదటి దానికి చురుకైన చూపు, మాటల వేగం చాలు. రెండవదానికి క్రమశిక్షణ కావలె. బ్రూక్లిన్ ఆటలను వర్ణించిన రెడ్ బార్బర్ అనే సుప్రసిద్ధ వ్యాఖ్యాత మూడు నిమిషాల ఇసుక గడియారాన్ని బల్లమీద పెట్టుకొనేవాడు. కోడిగుడ్డు ఉడికే వేళను కొలవడానికి వంటింట వాడుకొనే గడియారమది. ఇసుక అయిపోయినప్పుడల్లా లెక్క చెప్పి గడియారాన్ని తిరగవేసేవాడు. అప్పుడే రేడియో పెట్టిన శ్రోతకు ఎవరు గెలుస్తున్నారో తెలియదు గదా! ఈ చిన్న సంగతి తెలియక ఎంతటి వక్తలైనా శ్రోతలను విసిగించడం మేమెరుగుదుము.

మూడవది, ఎందుకు జరిగినదన్నది, కంఠంవలన గాని చదువువలన గాని రాదు. పిచర్ కాలు ఎత్తిన తీరులో వాడు అలసినాడని గుర్తించడం, బ్యాటు పట్టినవాడు వేళ్లు సర్దుకొన్న తీరునుబట్టి ఎటువంటి బంతి కోసం కాచుకొన్నాడో చెప్పడం, ఆ మిట్టమీద నిలిచి చెమట కార్చినవానికే సాధ్యం. డీన్ దగ్గర ఇది పుష్కలంగా ఉన్నది. రెండవ సంగతిలో అతడు బహు నిర్లక్ష్యం. లెక్క చెప్పడం మరచిపోయి కబుర్లలో పడేవాడు. వేటకుక్కలను గురించి, చేపలు పట్టడం గురించి, తాను తిన్న భోజనాన్ని గురించి చెబుతూ ఉంటే ఆట ఎక్కడ ఉన్నదో శ్రోత వెదుక్కోవలసి వచ్చేది. అయినా ఆట కీలకఘట్టానికి రాగానే పదిమంది పండితులు చెప్పలేనిది ఒక్క మాటలో చెప్పేవాడు.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో శత్రువులకు ఉపయోగపడుతుందని వాతావరణాన్ని గురించి రేడియోలో ఏమీ చెప్పకూడదని కట్టుబాటు ఉండేది. ఒకనాడు వాన వచ్చి ఆట ఆగినది. కారణం చెప్పరాదు. చెప్పకుంటే శ్రోతలు కంగారుపడతారు. ఆట ఎందుకు ఆగినదో తాను చెప్పకూడదని, మీరే కిటికీలో నుండి తల బయట పెట్టి చూస్తే తెలుస్తుందని డీన్ చెప్పినాడట. కట్టుబాటు చెడలేదు. శ్రోతకు సంగతి అందినది. ఇటువంటి సమయస్ఫూర్తిని ఏ శిక్షణాలయంలోనూ నేర్పలేరు.

పెద్దలకు మాత్రం ఇది నచ్చలేదు. 1944లో సెయింట్ లూయిస్ జట్లు రెండూ వరల్డ్ సీరీస్‌లో తలపడినవి. సొంత ఊరిలో జరిగే ఆ మహోత్సవానికి డీన్ వ్యాఖ్యాతగా ఉండవలెనని అందరూ ఆశించినారు. బేస్‌బాల్ వ్యవహారాలన్నిటికీ అప్పుడు సర్వాధికారి పూర్వం న్యాయాధిపతిగా ఉన్న లాండిస్. దేశమంతా వినే ప్రసారానికి డీన్ భాష తగదని ఆయన అడ్డుచెప్పినాడు. 1946లో మిసోరీ రాష్ట్రంలో ఉపాధ్యాయులు ఆక్షేపణ తెలిపినారు. తాము పగలంతా బడిలో నేర్పిన వ్యాకరణాన్ని సాయంకాలం డీన్ చెరిపివేస్తున్నాడని, పిల్లలు 'స్లడ్' అనడమే ఒప్పు అనుకొంటున్నారని వారి మొర. పత్రికలలో వాదాలు చెలరేగినవి. కొందరు ఉపాధ్యాయులను సమర్థించినారు. సాహిత్యపత్రికలవారు కొందరు డీన్ పక్షమే వహించినారు. డీన్ తనకు చదువు లేదన్న సంగతి దాచుకోలేదు. బళ్లో ఇంగ్లీషు వారు చెప్పుకొంటే తాను బేస్‌బాల్ చెప్పుకొంటానన్న ధోరణిలో జవాబిచ్చినాడు. చివరకు ఉద్యోగం పోలేదు. కీర్తి ఇనుమడించినది.

ఈ తగవు తెలుగువారికి అంత కొత్తగా తోచదు. గ్రాంథికమా వ్యావహారికమా అని మన పండితులు ఇరువదవ శతాబ్ది తొలి దశకాలలో ఎంతటి వాదప్రతివాదాలు చేసినారో విజ్ఞులకు తెలియనిది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు తమ జీవితాన్నే అందుకు ధారపోసినారు. కాని ఒక భేదమున్నది. గిడుగువారు మహాపండితులై ఉండి జనులభాషకు వకాల్తా పుచ్చుకొన్నారు. డీన్ ఏ సిద్ధాంతాన్నీ ఎరుగడు. తనకు వచ్చిన భాష ఒక్కటే. దానితోనే పొట్టపోసుకొనవలె. లక్షలమంది వినే రేడియోలో జీవనభాష ప్రవేశించినప్పుడు ఏమవుతుందనే పరీక్ష తనకు తెలియకుండానే అతని ద్వారా జరిగినది.

ఉపాధ్యాయులది కేవలం చాదస్తమని మేము అనము. రేడియోలో పలికిన ప్రతి మాటకూ ఒక ప్రామాణ్యం ఏర్పడుతుంది. ఇంట పెద్దవారు చెప్పినా నమ్మని పిల్లవాడు రేడియో చెబితే నమ్ముతాడు. ఆ బాధ్యత మరచిపోతే ప్రసారవృత్తికి గౌరవం లేదు. అయినా డీన్ మాటలను దగ్గరగా పరిశీలిస్తే అవి అడ్డదిడ్డంగా దొర్లిన తప్పులు కావు. 'త్రోడ్' వంటి రూపాలు ఇంగ్లీషు దేశ్యభాషలలో అనేక తరాలుగా ఉన్నవే. ఆర్కాన్సా పల్లెలలో అది ఇంటిభాష. ఆ పల్లెలనుండి నగరాల కర్మాగారాలకు వలసపోయినవారు రేడియో పెట్టినప్పుడు తమ తండ్రి గొంతో, పెద్దన్న గొంతో వినిపించినట్లయి ఉంటుంది. వారు తప్పులు విని మురిసినారనుకోవడం పొరపాటు. రేడియోలో తమవంటివాడు కూడా మాట్లాడగలడని వారికి అప్పుడు తెలిసినది.

మాట తెలిసినంతమాత్రాన సరిపోదు, మాటకు పూచీ ఉండవలె. డీన్ ఆ పూచీని నెరవేర్చిన తీరు మరువరానిది. 1947లో బ్రౌన్స్ జట్టు అన్నిటికంటె అడుగున ఉన్నది. పిచర్ల ఆట చూసి విసిగి, ఇంతకంటె నేనే నయంగా విసరగలనని డీన్ మైకులోనే అనేవాడు. జట్టువారు ఆ మాట పట్టుకొని, అయితే వచ్చి విసరుమన్నారు. ఆ సంవత్సరపు ఆఖరి ఆట, సెప్టెంబరు 28న, చికాగో వైట్ సాక్స్‌తో. ముప్పదియేడేళ్లవాడు, పెద్ద ఆట మాని ఆరేళ్లయినవాడు, మళ్లీ మిట్టమీద నిలిచినాడు. నాలుగు ఇన్నింగ్సులు విసిరి ఒక్క పరుగైనా ఇవ్వలేదు. బ్యాటు పట్టి ఒక దెబ్బ కూడా కొట్టినాడు. ఆ పరుగులో కాలి కండరం పట్టుకొని బయటికి వచ్చివేసినాడు. మళ్లీ మైకు ముందు కూర్చున్నాడు. గదిలో కూర్చుండి ఆటగాళ్లను విమర్శించేవారు లోకంలో లెక్కలేనంతమంది. ఆ విమర్శను మైదానంలో నిలిచి రుజువుచేసిన వ్యాఖ్యాత మరొకడు మాకు స్ఫురించడం లేదు.

1953వ సంవత్సరం అతనికి రెండు విధాల కలిసివచ్చినది. బేస్‌బాల్ కీర్తిమందిరంలో స్థానం దొరికినది. అదే ఏడు టెలివిజనులో 'గేమ్ ఆఫ్ ది వీక్' అనే వారపు ఆటకు వ్యాఖ్యాత అయినాడు. మొదట ఎ.బి.సి., 1955 నుండి సి.బి.ఎస్. దానిని ప్రసారం చేసినవి. పెద్ద జట్లున్న నగరాలలో ఈ ప్రసారం కనిపించకుండా నిషేధముండేది. మైదానాల రాబడి పోతుందనే పాతభయమే దానికి మూలం. అందుచేత ఈ ఆట చూసినవారంతా పెద్ద మైదానాన్ని ఎన్నడూ కంటితో చూడని చిన్న ఊళ్లవారు, పల్లెలవారు. శనివారం మధ్యాహ్నం వారందరికీ డీన్ ఇంటి చుట్టమైనాడు. ఆట చప్పగా ఉన్నదనిపిస్తే 'వాబాష్ కానన్‌బాల్' అనే రైలుపాట ఎత్తుకొనేవాడు.

అతని పక్కన మొదట బడ్డీ బ్లాట్నర్ కూర్చునేవాడు. అతడూ మాజీ ఆటగాడే. యౌవనంలో టేబుల్ టెన్నిస్ జంటల ఆటలో ప్రపంచ విజేత కూడ. లెక్క తప్పకుండా, ఆట సాగిన క్రమం చెడకుండా వర్ణించడం బ్లాట్నర్ వంతు. కబుర్లు, కారణాలు డీన్ వంతు. నిజానికి ప్రసారమనే బండికి ఇరుసు బ్లాట్నరే. కాని ఇరుసును ఎవరు చూస్తారు? ఇద్దరికీ పొసగక 1959 తరువాత బ్లాట్నర్ తప్పుకొన్నాడు. 1960 నుండి బ్రూక్లిన్ జట్టు పూర్వపు నాయకుడు పీ వీ రీస్ ఆ స్థానంలోకి వచ్చినాడు. గొప్ప వ్యాఖ్యాత అనిపించుకొన్నవాని వెనుక, అతడు దారితప్పినప్పుడల్లా శ్రోతను చేయిపట్టి తిరిగి ఆటలోకి తెచ్చే మరొక మనిషి ఉంటాడు. అతని పేరు సాధారణంగా ఎవరికీ జ్ఞాపకముండదు. మా వృత్తిలో ఇది తరుచు జరిగేదే గనుక ఇక్కడ చెప్పవలసివచ్చినది.

1965తో సి.బి.ఎస్. ప్రసారం ముగిసినది. మరుసటి ఏట ఆ హక్కులు ఎన్.బి.సి.కి పోయినవి. వారు కర్ట్ గౌడీని వ్యాఖ్యాతగా ఎన్నుకొన్నారు. డీన్ 1974 జూలై 17న, అరవైనాలుగవ ఏట, నెవాడా రాష్ట్రంలోని రెనోలో కన్నుమూసినాడు. అతని భార్య స్వస్థలమైన మిసిసిపీ రాష్ట్రపు బాండ్ అనే చిన్న ఊరిలో సమాధి ఉన్నది. లెక్క వేస్తే ఆటలో అతడు నిండుగా వెలిగినది అయిదారు సంవత్సరాలు. మైకు ముందు గడిపినది ఇరవైనాలుగు సంవత్సరాలకు పైమాటే.

ఆ తరువాతి కాలంలో మాజీ ఆటగాళ్లు ప్రసారశాలలలో బారులు తీరినారు. న్యాయశాస్త్రం చదివి క్రీడాప్రసారంలో పేరుపొందిన హవర్డ్ కోసెల్ దీనిని తీవ్రంగా గర్హించినాడు. బంతి కొట్టినంతమాత్రాన మాట్లాడే హక్కు వస్తుందా, ఈ విద్యకోసం ఏళ్ల తరబడి కష్టపడినవారి గతి ఏమిటి అని అతని ప్రశ్న. అందులో న్యాయముందని మేమూ ఒప్పుకొంటాము. నేడు మన క్రికెట్టుకు తెలుగులో చెప్పే వ్యాఖ్యానాలలో కూడ మాజీ ఆటగాళ్లు పాల్గొంటున్నారు. పేరున్న ఆటగాడు మైకు ముందు కూర్చుండి, బంతి వచ్చినది, కొట్టినాడు, బాగున్నది అని మనకు కనిపించేదే మనకు తిరిగి చెబితే అతడు ఆటగాడు కావడంవలన కలిగిన లాభమేమి? శిక్షణ పొందిన కంఠం ఆ మాత్రం ఇంకా ఇంపుగా చెబుతుంది.

డీన్ కథను వ్యాకరణం అక్కరలేదనడానికి సాక్ష్యంగా చూపేవారున్నారు. అది సరి కాదు. అతని తర్వాత అతని తప్పులను అనుకరించడం సులభం. 'స్లడ్' అని ఎవరైనా అనవచ్చు. పత్తి ఏరిన వేళ్లు, ముప్పది విజయాలు, విరిగిన బొటనవ్రేలు, వేగం పోయిన తరువాత మెల్లని బంతులతో నేర్చిన ఓర్పు, ఇవి అనుకరణకు లొంగవు. శ్రోత క్షమించినది ఆ తప్పులను కాదు, వాటి వెనుక ఉన్న ఎరుకను గుర్తించి వాటిని పట్టించుకోలేదు. ఎరుక లేనివాని తప్పును అదే శ్రోత ఒక్క నిమిషం సహించడు. ఎరుక లేనివాని శుద్ధమైన భాషను మర్యాదకు మరి రెండు నిమిషాలు విని, ఆపైన రేడియో కట్టివేస్తాడు.

భాషా, విషయమూ రెండూ ఉన్నవాడు దొరికితే అంతకంటె కావలసినది లేదు. అటువంటివారు అరుదు. తక్కినవారిలో ఎవరిని మైకు ముందుకు పిలవవలెనని నిర్ణయించే ప్రతిసారీ మా వంటివారికి సందేహం కలుగుతూనే ఉంటుంది. రైతు పంటను గురించి చెప్పినప్పుడు, నేతగాడు మగ్గాన్ని గురించి చెప్పినప్పుడు, పడవవాడు గోదావరి సుళ్లను గురించి చెప్పినప్పుడు వారి మాటను దిద్దడానికి కలం ఎత్తి, ఒక్క క్షణం ఆగవలె. దిద్దేది తప్పునా, లేక ఆ మాటకు ప్రాణమైనదాన్నా అని విచారించుకోవలె. ఆ విచారణ కలిగించినందుకు ఆర్కాన్సా పత్తిచేల డిజ్జీ డీన్‌కు ప్రసారవృత్తిలో ఉన్నవారమంతా ఎంతో కొంత ఋణపడి ఉన్నాము.